గుట్ట మీది గల్లీకి ముందు నీళ్లు: ఒక హైదరాబాద్ బస్తీలో జనమే కొలిచి మార్చుకున్న నల్లా టైమ్

ఈ కేస్ స్టడీ హైదరాబాద్‌లో గుట్ట వాలు మీద ఉన్న ఒక బస్తీది. బస్తీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇందులో వాల్వులు తిప్పి నీళ్లు వదిలే, ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే లైన్‌మన్ ఉన్నాడు, కిరాయికుంటున్న కుటుంబాలున్నాయి. పేర్లు బయటికొస్తే ఇబ్బంది పడేది వాళ్లే. మా పని బస్తీ మహిళా సంఘాలకూ, సేవలందించే ఆఫీసులకూ మధ్య కూర్చుని మాట కలపడం. చెత్త, డ్రైనేజీ, బస్తీ దవాఖానా, నీళ్లు ఏవైనా మాకు పని పద్ధతి ఒకటే.

ఈ పనిలో నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయాన్ని ముందే చెప్పేస్తాను. జనాన్ని ఫిర్యాదు చేయమని పిలిస్తే ఫిర్యాదులే వస్తాయి. సమస్య ఏమిటో తేల్చే పని, దాన్ని కొలిచే పని వాళ్ల చేతికిచ్చి, వాల్వు తిప్పే మనిషిని వాళ్ల పక్కన కూర్చోబెడితే మాత్రం ఏ ఇంజినీరుకూ తట్టని ఉపాయాలు బయటపడతాయి. ప్రభుత్వ సేవల్లో ఇన్నొవేషన్ అనగానే యాప్‌లు, సెన్సర్లు, డ్యాష్‌బోర్డులు గుర్తొస్తాయి. ఈ బస్తీలో పని మారింది ఒక ప్లాస్టిక్ బిందెతో, ఒక నోటుబుక్కుతో, సీసీ రోడ్డు కింద పూడిపోయిన పాత వాల్వుతో.

దూరం నుంచి వచ్చి, గల్లీలో ఆగే నీళ్లు

నగరానికి నీళ్లు తేవడం మీద పెట్టిన శ్రమ తక్కువేమీ కాదు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తర్వాత మంజీరా, సింగూరు వచ్చాయి. 2004లో కృష్ణా నీళ్లు, 2015లో గోదావరి నీళ్లు నగరానికి చేరాయి. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, పంపుల మీద పంపులెక్కి వస్తున్న నీళ్లివి. ఇంత దూరం వచ్చినవి ఆఖరి రెండు మూడు వందల గజాల్లో ఎలా పంచుకోబడుతున్నాయో పట్టించుకునేవాళ్లు తక్కువ. రిజర్వాయర్ దాకా మీటర్లుంటాయి, లెక్కలుంటాయి. గల్లీలోకి దిగాక లైన్‌మన్ అనుభవమే లెక్క.

నగరంలో చాలా చోట్ల లాగే ఈ బస్తీకీ రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, సుమారు గంటసేపు. మెయిన్ రోడ్డు మీది పెద్ద లైన్ నుంచి నాలుగు అంగుళాల లైనొకటి బస్తీలోకి చీలుతుంది. ముందు కింది గల్లీలు, ఆ తర్వాత ఏటవాలుగా ఎక్కి గుట్ట మీది గల్లీ. కింది గల్లీల్లో స్లాబు ఇళ్లు, సంపులు, నల్లాకు బిగించిన మోటర్లు. పైగల్లీలో ఎక్కువగా రేకుల ఇళ్లు, సంపుల్లేవు. ఉన్న నీళ్లు బిందెల్లో, డ్రమ్ముల్లో పట్టుకోవాల్సిందే. నీళ్లు వదలగానే కింద మోటర్లు ఒక్కసారిగా గుంజుతాయి. పైకి ఎక్కడానికి పైపులో బలం మిగలదు.

నగరానికి నీళ్లిచ్చే జలమండలి స్థానిక సెక్షన్ ఆఫీసు దగ్గర ఈ గల్లీ 'లో ప్రెషర్' అనే రెండు ముక్కల్లో నమోదై ఉంది. ప్రతి ఎండాకాలం ఫిర్యాదు వస్తుంది, ఒకటి రెండు ట్యాంకర్లు వస్తాయి, ఫిర్యాదు మూసేస్తారు. జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి ఫోన్ చేయడం బస్తీలో అందరికీ వచ్చు. ఆ ఫిర్యాదు వల్ల ట్యాంకర్ రావడమూ నిజమే. పద్ధతి మాత్రం ఏటేటా అదే.

అడిగిన మొదటి మాట

మొదటి సమావేశానికి ఎజెండా పెట్టలేదు. అంగన్‌వాడీ ముందున్న అరుగు మీద కూర్చుని, నీళ్లొచ్చే రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరుగుతుందో ఒక్కొక్కరినీ చెప్పమన్నాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఈ పని మొత్తానికి మలుపు అదే. 'మీ సమస్య ఏంటి?' అని అడిగితే ఆఫీసుకు అలవాటైన మాటలే వస్తాయి: నీళ్లు తక్కువ, ప్రెషర్ లేదు, ట్యాంకర్ కావాలి. 'రోజంతా చెప్పండి' అంటే వేరే సంగతులు బయటపడతాయి.

పైగల్లీ ఆడవాళ్లలో ఎక్కువమంది అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి వెళ్తారు. పొద్దున ఆరున్నరకల్లా గల్లీ దిగాలి. నీళ్లు ఒకరోజు ఐదింటికి, ఇంకోరోజు ఏడింటికి, కరెంటు పోతే తొమ్మిదింటికి. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాట అప్పుడే రాసుకున్నాను: "నీళ్లు తక్కువొస్తే తక్కువతోనే ఎల్లదీస్తం మేడం. ఎప్పుడొస్తయో చెప్పుండ్రి, సాలు. నీళ్ల కోసం కూసుంటే అమ్మగారు పనిలకెళ్లి తీసేస్తది." పక్కనున్నావిడ ఇంకోటి అంది. నీళ్లొచ్చే రోజు పెద్దమ్మాయిని బడికి పంపదట. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా.

ఆఫీసు దృష్టిలో సమస్య నీళ్ల పరిమాణం, వాళ్ల దృష్టిలో నీళ్ల వేళ. పరిమాణం పెంచాలంటే ఎస్టిమేట్లు, టెండర్లు, కొత్త లైన్లు కావాలి. వేళ ఖాయం చేయడానికి పైసా ఖర్చు లేదు. సమస్య పేరు మారితే దాని పరిష్కారం ఖర్చు కూడా మారిపోతుందని ఆ రోజు అక్కడున్న అందరికీ అర్థమైంది.

బిందె లెక్క

వేళ ఒక్కటీ సరిపోదు, ఎన్ని నీళ్లొస్తున్నాయో కూడా చూపించాలన్నారు. ప్రెషర్ గేజ్ తెప్పిద్దామని మా వాళ్లు అన్నారు. ఇళ్లలో పిల్లలు బిందె నిండేదాకా అంకెలు లెక్కపెట్టడం ఒకావిడకు గుర్తొచ్చింది. అదే కొలత చేద్దామని ఆమే అంది. గల్లీలో అందరికీ బిందెలున్నాయి గానీ సైజులు వేరు. అందుకని ఒకే రకం ప్లాస్టిక్ బిందెలు ఎంచుకున్నారు. లీటరు వాటర్ బాటిల్‌తో పోసి చూసి, పదిహేను లీటర్లు వచ్చే చోట నెయిల్ పాలిష్‌తో గీత గీశారు. నల్లా కింద పెట్టి, గీత దాకా నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూసి రాయాలి. కింది గల్లీలో ఇద్దరు, మధ్యలో ఇద్దరు, పైన నలుగురు రాయడానికి ఒప్పుకున్నారు.

నోటుబుక్కు సంగతి కొంచెం చెప్పాలి. బస్తీలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, చదువు రానివాళ్లున్నారు. ఏ భాషలో అచ్చు వేయించినా కొందరు బయటే మిగిలిపోతారు. గడులకు పైన బొమ్మలు వేశారు: మొదటి గడికి గడియారం, రెండోదానికి బిందె, మూడోదానికి ముక్కు, నాలుగోదానికి కన్ను. నీళ్లొచ్చిన వేళ, బిందె నిండిన సమయం, వాసన, రంగు. వాసనుంటే ముక్కు కింద ఒక చుక్క, మురికి రంగుంటే కన్ను కింద చుక్క. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఈ బొమ్మలు గీసింది. మేం తయారుచేసుకెళ్లిన ఫారాన్ని అక్కడే పక్కన పెట్టేశాం. బొమ్మల బుక్కు దానికన్నా మెరుగ్గా ఉంది.

కొన్ని వారాల్లో బుక్కు చెప్పిన కథ సూటిగా ఉంది. కింద బిందె నిమిషంలో నిండుతోంది. పైన ఐదు నిమిషాలు పడుతోంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. గంటసేపు నీళ్లొస్తే కింద అరవై బిందెలు, అంటే తొమ్మిది వందల లీటర్లు. పైన పన్నెండు బిందెలు, నూట ఎనభై లీటర్లు. అవి రెండు రోజులకు, ఐదుగురికి రావాలి. తలా రోజుకు పద్దెనిమిది లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ పెట్టిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు, మహానగరాలకు 150. ఆ లెక్కన కింది గల్లీకి వచ్చే తొంభై లీటర్లు కూడా తక్కువే. కానీ ఒకే పైపు మీదున్న ఇళ్ల మధ్య ఐదింతల తేడా ఉందని అంకె రూపంలో చూపించడం అప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు.

మోటర్ల మీద నగరంలో తనిఖీలు కొత్త కాదు. 2025 ఏప్రిల్‌లో జలమండలి నల్లాకు మోటర్ బిగిస్తే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించి పెద్ద ఎత్తున డ్రైవ్ చేపట్టింది. అవసరమే. అయితే జరిమానా భయం తనిఖీ ఉన్నన్నాళ్లే పనిచేస్తుంది. పైపు పద్ధతే మారితే మోటర్ పెట్టినా లాభం లేకుండా పోతుంది. ఈ బస్తీ వెతికింది రెండో దారి.

పసుపు రంగు రాని ఇళ్లు

బుక్కులో ముక్కు గడి మేం అనుకోని సంగతి బయటపెట్టింది. వాసన చుక్కలు పైగల్లీలో కన్నా కింది గల్లీలోనే ఎక్కువున్నాయి, అదీ నీళ్లు మొదలైన మొదటి పది నిమిషాల్లో.

క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె అందరూ వాడగలిగిన వస్తువు. గొట్టంలో నీళ్లు పట్టి నాలుగు చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, లేకపోతే నీళ్లు తెల్లగానే ఉంటాయి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మెయిన్ లైన్ దగ్గరి ఇంట్లో పసుపు బాగా వచ్చింది. కింది గల్లీలో వరసగా ఉన్న కొన్ని ఇళ్లలో రంగే రాలేదు. వాటికన్నా దూరంగా, పైన ఉన్న ఇళ్లలో మళ్లీ లేత పసుపు. దూరం పెరిగే కొద్దీ క్లోరిన్ తగ్గడం మామూలే, కానీ మధ్యలో మాయమై మళ్లీ కనబడిందంటే తప్పు మెయిన్ లైన్‌లో లేదు, ఆ ఇళ్లకు వెళ్లే సొంత పైపుల్లో ఉంది.

లైన్‌మన్‌తో కలిసి ఆ వరస ఇళ్ల ముందు నడిచారు. కట్టించుకున్నప్పుడు ప్లంబర్లు దగ్గర దారని నల్లా పైపుల్ని మోరీలోంచి లాగారు. ఇనుప పైపులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. నీళ్లు రాని రోజు పైపు ఖాళీగా ఉంటుంది. నీళ్లు వదలగానే మోటర్ గుంజితే మోరీ నీళ్లు ఆ చిల్లుల్లోంచి లోపలికి వస్తాయి. రోజు విడిచి రోజు నీళ్లిచ్చే ప్రతి ఊళ్లో ఉండే ప్రమాదమిది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు చనిపోయిన సంగతి ఈ బస్తీలో పెద్దవాళ్లు మర్చిపోలేదు. మోరీలో నల్లటి నీళ్ల మధ్య తమ పైపు తుప్పు ముక్కలు రాలుతుంటే చూసిన ఒక ఇంటాయన అక్కడికక్కడే మోటర్ స్విచ్ తీసేయించాడు. ఏ పోస్టరూ చేయలేని పని అది.

పీర్ల చావిడి పక్కన వాల్వు

లైన్‌మన్‌ను మొదటి నుంచీ సమావేశాలకు పిలిచాం. మొదట రాలేదు. పిలిచి నిలదీస్తారనుకున్నాడు, అలా జరిగిన అనుభవం అతనికి ఉంది. ఆడవాళ్లే ఇంటికెళ్లి, "అన్నా, నిన్ను తిట్టనీకి కాదు, నీకెర్కైంది మాకు చెప్పు" అని పిలుచుకొచ్చారు. బుక్కు చూసి అతను ఆశ్చర్యపోలేదు. ఇరవై ఏళ్లుగా ఈ వాల్వులు తిప్పుతున్నాడు, ఏ ఇంట్లో ఎంత వస్తుందో అతనికి తెలుసు.

"కింది గల్లీ బంద్ పెట్టి ముందుగాల పైకి ఇడిస్తే పది నిమిషాలల్ల పైన నల్లా దుంకుతది" అన్నాడు. "కానీ చీలిక కాడ వాల్వే లేదు గదా అక్కా. ఉంటే ఎప్పుడో జేస్తుంటి."

ఆఫీసు మ్యాపులో కూడా అక్కడ వాల్వు లేదు. కొత్తది పెట్టాలంటే రోడ్డు తవ్వాలి, అనుమతులు, ఎస్టిమేట్. విషయం అక్కడే ఆగిపోయేది. మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వెనక కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఆయన లేచి, "పీర్ల చావిడి పక్కన ఉండె బేటా, మేం పిల్లలప్పుడు దాని మూత మీద కూసుంటుంటిమి" అన్నారు. సీసీ రోడ్డు రాకముందు అక్కడ ఇటుక చాంబర్ ఉండేదట. ఆయన కర్రతో చూపించిన చోటుకు రెండడుగుల దూరంలో, సిమెంటు కింద, స్లూయిస్ వాల్వు దొరికింది. బిగుసుకుపోయింది గానీ విరగలేదు. నూనె పోసి, కొట్టి, రబ్బరు ప్యాకింగ్ మార్చి తిప్పితే తిరిగింది.

పైపులు భూమిలో ఉంటాయి, వాటి జ్ఞాపకం మనుషుల్లో ఉంటుంది. రికార్డులు సరిగా లేని పాత బస్తీల్లో, సర్వే చేసే ఏజెన్సీ కన్నా ముందు అక్కడ యాభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లను అడగాలని ఆ రోజు నుంచి మా పని పద్ధతిలో రాసుకున్నాం.

కింది గల్లీని ఒప్పించడం

ఇక అసలు కష్టం. మొదటి అరగంట కింది గల్లీకి బంద్ అంటే అక్కడివాళ్లు ఒప్పుకుంటారా? "వాళ్లు నన్ను బతకనిస్తరా?" అని లైన్‌మన్ భయం. నిజమైన భయమే. పంపకంలో మార్పు వస్తే ముందు తిట్లు పడేది వాల్వు తిప్పే మనిషికి.

రెండు గల్లీలనూ కలిపి కూర్చోబెట్టి బుక్కులోని రెండు గల్లీల లెక్కలూ బయటికి చదివించాం. పైవాళ్ల నీళ్ల కష్టం విని కిందివాళ్లు కొంత మెత్తబడ్డారు గానీ, దానితోనే ఒప్పుకోలేదు. ఒప్పందం కుదిరింది మురికి నీళ్ల దగ్గర. కింది గల్లీకి కావలసింది మోరీలోంచి పైపులు తీసి పక్కకు జరపడం, తవ్వకానికి అందరి సమ్మతి, సెక్షన్ వాళ్ల సహకారం. పైగల్లీకి కావలసింది ముందు అరగంట. సంఘం రెండూ ఒకే కాగితం మీద రాసింది. పైపులు మార్చుకోలేని ఇళ్లకు సంఘం పొదుపులోంచి అప్పిచ్చారు. పైగల్లీ ఆడవాళ్లు కింది గల్లీ పని కోసం ఆఫీసుకొచ్చి నిలబడ్డారు. మనసు మంచిదైతే పంపకాలు కుదురుతాయని నేను అనుకోను. ఇద్దరికీ చేతికి ఏదో ఒకటి దక్కాలి, అది రాతలో ఉండాలి.

ఆఫీసులో మొదట బుక్కు చేతికి తీసుకోవడానికే ఒక అధికారి ఇష్టపడలేదు. బిందెతో కొలవడం శాస్త్రీయం కాదన్నారు. ఆయన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదనిపించింది. అదే ఇంటి దగ్గర ప్రెషర్ గేజ్ పెట్టించి, అదే సమయానికి బిందె కూడా పెట్టమన్నాం. గేజ్ ముల్లు తక్కువ చూపిన చోట బిందె ఆలస్యంగా నిండింది, ఎక్కువ చూపిన చోట త్వరగా నిండింది. బిందెతో ప్రెషర్ సరిగ్గా ఎంతో చెప్పలేం, కానీ ఏ ఇల్లు నష్టపోతోందో, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో చెప్పగలం. పంపకం సరిచేయడానికి కావలసింది అదే. ఆయన తర్వాత ముందు పైకి నీళ్లు వదిలి చూసే ట్రయల్‌కు ఒప్పుకోవడమే కాదు, సెక్షన్ వాళ్లు చూసే ఇళ్ల జాబితాలో పైగల్లీలో ఆఖరి రెండిళ్లను చేర్పించారు. అంతకుముందు క్లోరిన్ పరీక్ష మెయిన్ రోడ్డు దగ్గరి ఇళ్లలోనే జరిగేది. అది ఒక్కటే మిగిలినా ఈ పనికి ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి: చావిడి వాల్వు మూసి ముందు పైకి అరగంట, తర్వాత కింద తెరిచి, పైకి వెళ్లేది సగానికి తగ్గిస్తారు. పైన బిందె రెండు నిమిషాలకు అటూఇటూగా నిండుతోంది. వేళ పొద్దున ఐదుకు ఖాయమైంది. కరెంటు వల్ల మారితే రిజర్వాయర్ నుంచి లైన్‌మన్‌కు తెలుస్తుంది, అతను మొదటి ఇంటావిడకు ఫోన్ చేస్తాడు, ఆమె వాట్సాప్ గ్రూపులో నోటితో చెప్పి పంపుతుంది. చదువు రానివాళ్లున్నారు కాబట్టి రాతలో పంపరు. కింది గల్లీలో వాసన చుక్కలు దాదాపు పోయాయి.

ఇతర ఊళ్ల నుంచి నేర్చుకున్నది

నీళ్ల వేళ ఫోన్‌కు పంపే ఆలోచన మాతో మొదలైంది కాదు. కర్ణాటకలో నెక్స్ట్‌డ్రాప్ అనే సంస్థ హుబ్బళ్లి–ధార్వాడలో, తర్వాత బెంగళూరులో ఎస్సెమ్మెస్‌లు పంపింది. ఆలోచన మంచిదే. బెంగళూరులో పరిశోధకులు పరిశీలిస్తే ఆశించినంత మేలు కనబడలేదు. సమాచారమంతా వాల్వ్‌మెన్ పంపడం మీద ఆధారపడింది, చాలాసార్లు అది అందలేదు. టెక్నాలజీ బాగున్నా, కిందిస్థాయి ఉద్యోగికి దానివల్ల ఏం ఒరుగుతుందో ఆలోచించకపోతే గొలుసు అక్కడే తెగుతుంది. మా బస్తీలో లైన్‌మన్ ఫోన్ చేస్తున్నాడంటే దానికి కారణముంది: వేళ ముందే చెబితే అతనికొచ్చే యాభై ఫోన్లు ఆగిపోయాయి.

ఒడిశాలో మహిళా సంఘాల సభ్యులే జలసాథీలుగా మీటర్లు చూస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, నీళ్లు పరీక్షిస్తారు. 2021లో రోజంతా నల్లా నుంచే తాగే నీళ్లిచ్చిన పూరీ పట్టణంలో వాళ్ల పాత్ర చిన్నది కాదు. ఆ పనికి వాళ్లకు ప్రతిఫలం ఉంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలంది. పల్లెల్లో చేయగలిగింది నగర బస్తీలో ఎందుకు చేయకూడదు? ఈ ప్రశ్నకు నాకు సరైన జవాబు ఎవరూ చెప్పలేదు.

కొలతను జనం చేతికివ్వడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఒక పద్ధతిగా పెరిగింది. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కాగితాలు ఊరి మధ్యలో పైకి చదివి, పని చేసినవాళ్లతో సరిచూడటం దాని సారాంశం. 1994లో బెంగళూరులో శామ్యూల్ పాల్ మొదలుపెట్టిన పౌర నివేదిక పత్రం నగర సేవలకు జనం చేత మార్కులు వేయించింది. రెండూ గొప్ప పనులు. మా బస్తీ వాటి నుంచి ఒక అడుగు పక్కకు వేసింది: మార్కులు వేసి ఆగకుండా, మార్పు ఎలా ఉండాలో కూడా వాళ్లే చెప్పారు. రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ దశాబ్దాల క్రితమే ఈ మాట చెప్పారు. సేవ అనేది ఆఫీసు ఒక్కటే తయారుచేసి ఇచ్చే వస్తువు కాదని, వాడుకునేవాళ్ల శ్రమ కూడా కలిస్తేనే అది తయారవుతుందని.

చట్టంలో చోటు లేదా అంటే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 243ఎస్ అధికరణం ద్వారా మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. కానీ కోటి మంది నగరంలో ఒక వార్డంటే చిన్న పట్టణమంత. నల్లా సమస్య వాల్వు స్థాయిలో ఉంటుంది. ఒక వాల్వు కింద ఎన్ని ఇళ్లున్నాయో అన్ని ఇళ్లు కలిసి కూర్చునే చోటు కావాలి.

తేలని విషయాలు

కిరాయిదార్ల సంగతి తేలలేదు. నల్లా కనెక్షన్ ఓనరు పేరు మీద ఉంటుంది. పైపు మార్చాలన్నా, మోటర్ తీయాలన్నా ఓనరు ఒప్పుకోవాలి. 2021 జనవరిలో మొదలైన నెలకు 20 కిలోలీటర్ల ఉచిత నీళ్ల పథకం కూడా కనెక్షన్‌కే లెక్క. ఒకే నల్లా మీద మూడు కిరాయి కుటుంబాలు బతికే ఇంట్లో ఎవరికి ఎన్ని బిందెలన్నది ఓనరు చేతిలోనే ఉంది. సమావేశాల్లో కిరాయిదార్లు నోరు విప్పరు, ఖాళీ చేయమంటారని భయం. వాళ్లతో విడిగా మాట్లాడితే తప్ప నిజం తెలియదు.

రెండోది జీతం లేని పని. బుక్కు రాసింది ఆడవాళ్లు, పొద్దున ఐదింటికి, వంటా పిల్లల మధ్య. ఇది వాళ్లు ఇష్టంగా చేసిన పని, నేను కాదనను. కానీ ఆఫీసుకు రావలసిన సమాచారాన్ని పేద ఆడవాళ్ల నుంచి ఏళ్ల తరబడి ఉచితంగా తీసుకుంటూ దానికి భాగస్వామ్యం అని పేరు పెట్టడం అన్యాయం. ఇప్పుడు రోజూ రాయడం ఆపేశారు. నెలలో ఒక వారం, నీళ్లొచ్చిన రోజుల్లో మాత్రమే కొలుస్తారు. దానికి కొంత గౌరవ వేతనం ఇవ్వాలని సంఘం తరఫున అర్జీ పెట్టారు. ఆ అర్జీ నడుస్తోంది.

మూడోది బదిలీలు. బుక్కును నమ్మిన అధికారి వెళ్లిపోతే కొత్తవారికి మొదటి నుంచి చెప్పాలి. అందుకే ఒప్పందాన్ని ఒకే పేజీలో రాయించి, సెక్షన్ ఆఫీసు గోడకూ చావిడి గోడకూ అంటించారు. చాంబర్ చోటు మ్యాపులో గుర్తు పెట్టించారు, దాని మీద ఇనుప మూత వేయించారు, ఇంకోసారి రోడ్డు వేసినప్పుడు పూడిపోకుండా.

ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు నా సలహా: ముందు లైన్‌మన్‌ను, చెత్త ఆటో డ్రైవర్‌ను, ఏఎన్‌ఎంను, ఎవరి చేతి మీదుగా సేవ అందుతుందో వాళ్లను కలవండి. వాళ్ల మీద నేరం మోపకుండా వాళ్లకు తెలిసింది అడగండి. కొలత ఇంట్లో ఉన్న వస్తువుతో ఉండాలి, కొన్న వస్తువుతో ఉంటే అది చెడిపోయిన రోజు పని ఆగిపోతుంది. బస్తీ పెద్దలు మాట్లాడేశాక ఆడవాళ్లతో మరోసారి, మరోచోట కూర్చోండి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు డిమాండ్‌తో పాటు ఒక ట్రయల్ ప్రతిపాదన పట్టుకెళ్లండి, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో కూడా అందులో రాయండి. వికటిస్తే పాత పద్ధతికి రావచ్చని తెలిస్తే సంతకం పెట్టే చేతికి ధైర్యం వస్తుంది.

ఈ ఎండాకాలానికి మళ్లీ కొలవాలి. పైగల్లీలో రెండిళ్లు పై అంతస్తు వేసుకున్నాయి, ఒకరు సంపు తవ్వుతున్నారు. సంపు వస్తే మోటర్ వస్తుంది, అరగంట లెక్క తప్పుతుంది. మార్చి మొదటి వారంలో బిందెలు పెట్టడానికి ఎనిమిది ఇళ్ల పేర్లు రాసుకున్నారు. ఈసారి అందులో మూడు కిరాయి ఇళ్లు.